కాన్పు తర్వాత అధిక రక్తస్రావం: బ్లడ్ బ్యాంకు లేని ఆసుపత్రిలో మొదటి పదిహేను నిమిషాలు ఎలా గడపాలి?

పడమటి కర్నూలు వైద్యాధికారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో ఉన్న ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో నేను రెండేళ్లుగా వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. నెలకు యాభై, అరవై కాన్పులు జరుగుతాయి. రాత్రివేళ కాన్పు గదిలో ఒక స్టాఫ్ నర్సు, ఒక ఆయా మాత్రమే ఉంటారు. నేను ఆవరణలోని క్వార్టర్స్‌లోనే ఉంటాను కాబట్టి పిలిచిన ఐదు నిమిషాల్లో రాగలను. సిజేరియన్ చేసే ఏర్పాటు గానీ, రక్తం నిల్వ గానీ, మత్తు డాక్టరు గానీ మా దగ్గర లేరు. పరిస్థితి విషమిస్తే మేము పంపేది కర్నూలు సర్వజన వైద్యశాలకు. దారి దాదాపు వంద కిలోమీటర్లు.

గత నెలలో జరిగిన ఒక కాన్పు గురించి చెప్పి, ఆ తర్వాత నా సందేహాలు అడుగుతాను. ఆమెకు అది మూడో కాన్పు. కుటుంబమంతా సుగ్గికి (కూలి పనుల వలసకు) గుంటూరు వైపు మిరపచేలకు వెళ్లి, ఎనిమిదో నెల నిండాక ఊరికి తిరిగివచ్చారు. మా దగ్గర చూసినప్పుడు హిమోగ్లోబిన్ 8.2 ఉంది. రాత్రి 1.40కి సహజంగా ప్రసవించింది. బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇచ్చారు, మాయ పది నిమిషాల్లో పూర్తిగా పడింది, కేస్‌షీట్‌లో రక్తస్రావం 200 మి.లీ. అని రాశారు. నేను కూడా చూసి సంతకం చేసి వెళ్లాను. 2.50కి తల్లికి కళ్లు తిరుగుతున్నాయని వెంట ఉన్న అత్తగారు ఆయాతో అన్నారట. నర్సు వచ్చి చూసేసరికి నాడి 132, బీపీ 80/50, ఒంటి కింది రబ్బరుషీటు మడతల్లో గడ్డలు కట్టిన రక్తం, పైన చెయ్యి పెడితే గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. నేను వచ్చాక మర్దన చేశాము, సెలైన్లో ఆక్సిటోసిన్ ఎక్కించాము, అదే పని చేసే మిసోప్రోస్టోల్ ఇచ్చాము. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ స్టోరులో ఉండిపోయింది, తాళంచెవి ఫార్మసిస్టు దగ్గర ఉంది. 108లో కర్నూలుకు పంపాము. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించాక తల్లి నిలిచింది, గర్భసంచి కూడా మిగిలింది. అయినా ఆ 70 నిమిషాలు నన్ను వదలడం లేదు.

మాకున్న మనుషులతో, మాకున్న మందులతో మొదటి పదిహేను నిమిషాల్లో ఏది ఏ వరుసలో చేయాలి? గర్భసంచిలో ఉంచి రక్తం ఆపే కండోమ్ బెలూన్ పెట్టడం నేర్చుకుని కాన్పు గదిలో ఉంచుకుంటే మాలాంటి చోట మేలు జరుగుతుందా? వేసవిలో మధ్యాహ్నం ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటుతుంది, కరెంటు కోతలూ ఉంటాయి. అలాంటి రోజుల్లో ఆక్సిటోసిన్ పనిచేస్తోందని ఎలా నమ్మాలి? అనుభవం ఉన్నవారు ఓపికగా చెప్పాలని కోరుతున్నాను.

అనంతపురం స్త్రీవైద్యురాలు (పదవీ విరమణ)

డాక్టరమ్మా, ముందుగా, జరిగినది దాచుకోకుండా గంటా నిమిషాలతో సహా రాసినందుకు సంతోషం. మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను గానీ, మీరు అడగని ప్రశ్న దగ్గర మొదలుపెట్టవలసి వస్తోంది. ఆ రాత్రి 1.40కీ 2.50కీ మధ్య మీ కేస్‌షీట్‌లో ఒక్క అంకె కూడా లేదు. 200 మి.లీ. అన్నది కూడా కొలిచిన అంకె కాదని, కంటితో చూసి వేసిన అంచనా అని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. ముప్పయ్యేళ్లకు పైగా కాన్పు గదుల్లో గడిపిన నేను కూడా కంటి అంచనాలో తప్పేదాన్ని, అది కూడా ఎప్పుడూ తక్కువ వైపుకే తప్పేదాన్ని. మనకు ఎంతో దూరం కాని బెళగావిలో, కింద కొలత గీతలున్న గరాటులాంటి ప్లాస్టిక్ డ్రేప్‌ను తయారుచేసి పరీక్షించినప్పుడు, కంటి అంచనా అసలు కొలత కన్నా సుమారు 33 శాతం తక్కువగా వస్తున్నట్టు తేలింది. రక్తం ఎంత ఎక్కువగా పోతే మన అంచనా అంతగా వెనకబడుతుంది.

కొలవడం ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. ఐరోపాలో 13 దేశాల్లో డ్రేప్ మాత్రమే ఇచ్చి చూసిన అధ్యయనం 2010లో వెలువడింది. తీవ్ర రక్తస్రావాలు తగ్గలేదు. కొలిచిన తర్వాత ఏం చేయాలన్నది ముందే నిర్ణయించి లేకపోతే ఆ సంచి కేవలం సంచిగానే మిగిలిపోతుంది. దీనికి భిన్నంగా కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా కాన్పులతో జరిగి 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనంలో, డ్రేప్‌తో కొలవడమూ, గీత దాటగానే చికిత్స అంతా ఒకేసారి మొదలుపెట్టడమూ కలిపి అమలు చేశారు. అక్కడ తీవ్ర రక్తస్రావం, రక్తస్రావం కోసం పొట్ట కోయవలసి రావడం, రక్తస్రావంతో మరణం అనే మూడింటినీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. మామూలు పద్ధతి సాగిన ఆసుపత్రుల్లో రక్తస్రావమైన తల్లుల్లో దాదాపు సగం మందినే గుర్తించగా, ఈ పద్ధతి పాటించిన చోట 93 శాతం మందిని గుర్తించారు. ఆ ఆసుపత్రులకు కొత్త మందులేవీ రాలేదు. మనందరి అలమరాల్లో ఉన్నవే వాడారు.

ఇక గీత ఎక్కడ పెట్టుకోవాలన్నది. మేము చదువుకున్న రోజుల్లో సహజ కాన్పు తర్వాత 500 మి.లీ. దాటితే అధిక రక్తస్రావం అని నేర్పారు. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 500 దాకా ఆగవలసిన పనిలేదు. 300 మి.లీ. పోయి, నాడిలో గానీ బీపీలో గానీ తేడా కనిపిస్తే అప్పుడే చికిత్స మొదలుపెట్టాలి. మన ప్రాంతానికి ఇది మరీ అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నలభై అయిదు కిలోల బరువూ, 8 హిమోగ్లోబినూ ఉన్న తల్లికి 500 మి.లీ. నష్టమంటే, ఒడ్డూపొడుగూ ఉండి 12 హిమోగ్లోబిన్ ఉన్న తల్లికి జరిగే నష్టంతో దానికి పోలికే లేదు. నాడిని పై బీపీతో భాగించి చూసుకోండి. 0.9 దాటితే భయపడాలి. చిన్న వయసు తల్లుల్లో బీపీ చాలాసేపు మామూలుగానే నిలబడి, ఉన్నట్టుండి కూలిపోతుంది. కాబట్టి బీపీ బాగుందన్న మాటతో ఎవరూ నిశ్చింతగా ఉండకూడదు, నాడిని నమ్మాలి.

గీత దాటిన క్షణాన నర్సు మిమ్మల్ని పిలిపిస్తూనే పని మొదలుపెట్టాలి, మీ కోసం ఆగకూడదు. గర్భసంచిని పైనుంచి గట్టిపడేదాకా మర్దన చేయాలి. ఆ చేతి కిందే గడ్డలు బయటికి వచ్చేస్తాయి. ఆక్సిటోసిన్ 10 యూనిట్లను సెలైన్లో కలిపి పది నిమిషాల్లో ఎక్కించి, తర్వాత లీటరు సెలైన్లో 20 యూనిట్లు కలిపి నాలుగు గంటలపాటు సాగనివ్వాలి. కలపకుండా నరానికి ఒక్కసారిగా తోస్తే బీపీ పడిపోతుంది, ఆ తొందర వద్దు. దాంతో పాటే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో నిదానంగా నరానికి ఇవ్వాలి. అరగంట తర్వాత కూడా రక్తం ఆగకపోతే, లేదా ఆగి 24 గంటల్లోపు మళ్లీ మొదలైతే, ఇంకో గ్రాము ఇవ్వవచ్చు. 21 దేశాల్లో 20,060 మంది తల్లులతో జరిగి 2017లో వెలువడిన ఉమన్ అధ్యయనం చెప్పినది ఏమిటంటే, కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో మరణించేవారి సంఖ్య తగ్గుతుంది, మూడు గంటలు దాటాక ఇస్తే లాభం కనిపించదు. ఆలస్యమైన ప్రతి పదిహేను నిమిషాలకూ ఆ మేలు సుమారు పదో వంతు తరిగిపోతుంది. ఈ లెక్క తెలిసిన తర్వాత ఆ మందు తాళం వేసిన స్టోరులో ఉండవచ్చునా అన్నది మీరే ఆలోచించండి. ఆ తాళంచెవి సంగతి రేపే తేల్చండి.

ఇవన్నీ జరుగుతుండగానే కారణం వెతకాలి. నూటికి డెబ్భై వంతున గర్భసంచి గట్టిపడకపోవడమే కారణం. దానికి వెనుక చాలాసార్లు నిండిన మూత్రాశయం ఉంటుంది, ఒక గొట్టం వేస్తే చాలు. గర్భసంచి గట్టిగా ఉండి కూడా రక్తం ఎర్రగా ధారగా వస్తుంటే, ఎక్కడో చిరిగింది. మంచి దీపం పెట్టుకుని గర్భాశయ ముఖద్వారం చుట్టూ చూడాలి. మాయ పూర్తిగా వచ్చిందన్నది కూడా కేస్‌షీట్‌లో అలవాటుగా రాసే మాటే. దాన్ని అరచేతుల మీద పరచి ముక్కలన్నీ కలుస్తున్నాయో లేదో చూసిన తర్వాతే రాయాలి. రక్తం గడ్డకడుతోందా లేదా అన్న అనుమానం వస్తే 5 మి.లీ. రక్తాన్ని గాజు గొట్టంలో తీసి పిడికిట్లో వెచ్చగా పట్టుకోండి. ఏడు నిమిషాలకు కూడా గడ్డ కట్టకపోతే ఆ తల్లిని మీ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉంచుకోవద్దు.

మొదటి మందులకు లొంగకపోతే కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండకు ఇవ్వాలి (ఉబ్బసం ఉన్నవారికి వద్దు), లేదా మిథర్జిన్ 0.2 మి.గ్రా. ఇవ్వాలి (బీపీ ఎక్కువ ఉన్నవారికి వద్దు). ఏదీ లేకపోతే మిసోప్రోస్టోల్ 800 మైక్రోగ్రాములు నాలుక కింద పెట్టాలి. ఈ దశలో మీ చేతులు ఖాళీగా ఉండకూడదు. ఒక పిడికిలి లోపల, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి గర్భసంచిని మధ్యన నొక్కిపట్టడం మనకున్న అన్నిటికన్నా పాత సాధనం. చేతులు నొప్పెడతాయి, మనిషిని మార్చుకుంటూ పట్టాలి.

బెలూన్ గురించి. బంగ్లాదేశ్‌కు చెందిన డాక్టర్ సయేబా అఖ్తర్ బృందం ఫోలీ గొట్టానికి (మూత్రం తీసే గొట్టానికి) కండోమ్ కట్టి, సెలైన్‌తో నింపి, గర్భసంచిలో ఉంచి రక్తస్రావాన్ని ఆపిన తీరును 2003లో ప్రచురించింది. దాని వల్ల నిలిచిన తల్లులను నేను స్వయంగా చూశాను. అయితే ఆ తర్వాత పెద్ద అధ్యయనాల్లో, ఉన్నట్టుండి బెలూన్‌ను ప్రవేశపెట్టిన ఆసుపత్రుల్లో తల్లుల పరిస్థితి మెరుగుపడలేదు. శస్త్రచికిత్స, రక్తం రెండూ వెంటనే అందే చోట మాత్రమే దాన్ని వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. బెలూన్ పెట్టామన్న ధైర్యంతో పంపడం ఆలస్యం చేస్తారేమోనన్నదే నా భయం. మీకు నేర్చుకోవద్దని అనను, నేర్చుకోండి. కానీ బండి పిలిచిన తర్వాత, బండి వచ్చేలోపు చేసే పనుల్లో అది ఉండాలి గానీ, బండి పిలవకుండా ఉండటానికి చేసే పనుల్లో ఉండకూడదు.

కడప జిల్లా స్టాఫ్ నర్సు

పెద్ద డాక్టరమ్మ గారు చెప్పినదానికి కింది స్థాయి నుంచి కొంత జతచేస్తాను. మా దగ్గర కూడా రాత్రికి ఒక్కరమే ఉంటాము. కొలత గీతల డ్రేపులు వచ్చినప్పుడు వాడతాము, అయిపోయినప్పుడు ఊరకే కూర్చోలేము కదా. శుభ్రమైన ప్లాస్టిక్ షీటును తల్లి నడుము కింద నుంచి బల్ల అంచు దాకా గరాటులా మడిచి, కింద కొలత గీతలున్న మగ్గు పెడతాము. బిడ్డ పుట్టి ఉమ్మనీరు పోయిన తర్వాతే షీటు వేయాలి, లేకపోతే నీరూ రక్తమూ కలిసి లెక్క తప్పుతుంది. బల్ల మీంచి దించిన తర్వాత తడిసిన ప్యాడ్లను తూకం వేస్తాము. కూరగాయల కొట్టులో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ చాలు. పొడి ప్యాడు బరువు తీసేస్తే మిగిలిన ప్రతి గ్రాముకూ ఒక మి.లీ. చొప్పున రక్తం అనుకోవచ్చు. ఇదంతా చాదస్తమని మొదట్లో మాలో మేమే నవ్వుకున్నాము.

మేడమ్ గారి కేసులో నాకు తెలిసిన సంగతి ఇంకొకటి కనిపించింది. కళ్లు తిరుగుతున్నాయని అత్తగారు చెప్పారు గానీ, బట్టలు తడిశాయని చెప్పలేదు. మన వైపు ఆడవాళ్లు చెప్పరు. కాన్పయ్యాక చెడు రక్తం పోవాలని, ఎంత పోతే ఒళ్లు అంత తేలికపడుతుందని పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. పచ్చి బాలింతకు నీళ్లు ఎక్కువ తాగించకూడదన్న పట్టింపు కూడా ఉంది. గుడ్డ తడిస్తే ఎవరికీ తెలియకుండా మార్చేస్తారు, మార్చిన గుడ్డ మంచం కిందికి పోతుంది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మేము ఇప్పుడు కాన్పయిన వెంటనే వెంట ఉన్న పెద్దామెను పిలిచి, ఆమె అరచేతిని తల్లి పొట్ట మీద పెట్టించి, గర్భసంచి గట్టిగా బంతిలా ఎలా ఉండాలో పట్టి చూపిస్తాము. ఇది మెత్తబడితే పరుగెత్తుకుని రావాలి, గుడ్డ తడిస్తే మార్చకుండా మాకు చూపించాలి అని చెబుతాము. అంత బాధ్యత అప్పగిస్తే వాళ్లు మాకన్నా జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటారు. అయినా మా పని వాళ్ల మీద వేయకూడదు. మొదటి రెండు గంటలు ప్రతి పదిహేను నిమిషాలకూ నాడి, బీపీ, గర్భసంచి, ప్యాడు చూసి రాయవలసింది మేమే. ఇంకో కాన్పు వచ్చిందని బల్ల ఖాళీ చేయించి తల్లిని వార్డుకు పంపేస్తే ఆ పదిహేను నిమిషాల లెక్క అక్కడితో ఆగిపోతుంది. మా దగ్గర జరిగిన చెడ్డ సంఘటనలు రెండూ అలా మార్చిన తర్వాత జరిగినవే.

మందుల సంగతికి వస్తే, మూత ఉన్న ఒక ప్లాస్టిక్ పెట్టెలో ట్రానెక్సామిక్ యాసిడ్, మిసోప్రోస్టోల్, సెలైన్ సీసాలు, సెట్లు, ఫోలీ గొట్టం, మూత్రం సంచి, సెలైన్ ఎక్కించడానికి నరానికి వేసే లావు కాన్యులాలు బూడిదరంగువి రెండు, ఆకుపచ్చవి రెండు, చేతి తొడుగులు ఉంచి బల్ల పక్కనే పెట్టాము. పింక్, నీలం కాన్యులాలు ఆ పెట్టెలో ఉండనివ్వము. తొందరలో చేతికి అందినదే వేస్తాము, సన్న కాన్యులాలోంచి సెలైన్ చుక్కలు చుక్కలుగానే పోతుంది. ఫ్రిజ్‌లో ఉండవలసిన మందుల పేర్లు పెట్టె మూత మీద రాసి అంటించాము. పెట్టెకు తాళం లేదు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరం కలిసి లెక్కచూసి సంతకం పెడతాము, తాళం చేసే పని ఆ సంతకం చేస్తుంది.

పీజీ విద్యార్థి, కర్నూలు

చర్చ చాలా ఉపయోగంగా ఉంది. నాదొక సూచన. రక్తహీనత ఉన్న తల్లులే ఎక్కువగా ప్రమాదంలో పడుతున్నారు కాబట్టి, హిమోగ్లోబిన్ 10 లోపు ఉన్నవారందరికీ కాన్పు కాగానే, రక్తస్రావం మొదలుకాక ముందే, ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చేస్తే సరిపోదా? అప్పుడు కొలతలో పొరపాటు జరిగినా రక్షణ ఉంటుంది కదా.

అనంతపురం స్త్రీవైద్యురాలు (పదవీ విరమణ)

నాయనా, మీకు వచ్చిన ఆలోచనే పెద్దవాళ్లకూ వచ్చింది, అందుకే దాన్ని పరీక్షించారు కూడా. పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియాల్లో మధ్యస్థ, తీవ్ర రక్తహీనత ఉన్న 15,068 మంది తల్లులకు బొడ్డుతాడు కత్తిరించగానే ఈ మందునో, ఉత్త సెలైన్‌నో ఇచ్చి చూశారు. ఉమన్-2 అనే ఆ అధ్యయనం 2023లో వెలువడింది. రక్తస్రావం రెండు వైపులా దాదాపు ఒకేలా వచ్చింది, మందు ఇచ్చినవారిలో 7.0 శాతం, ఇవ్వనివారిలో 6.6 శాతం. కాబట్టి ముందుగా అందరికీ ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. రక్తస్రావం మొదలైన తర్వాత తొందరగా ఇస్తేనే ఉంది. కొలత నుంచి తప్పించుకునే దారి ఇందులోనూ దొరకదు.

రక్తహీనతకు మందు కాన్పు గదిలో లేదు, ఏడో నెలలో ఉంది. మాత్రలకు లొంగనివారికి, ఆలస్యంగా వచ్చినవారికి నరానికి ఐరన్ ఎక్కించే వీలుంది. సుగ్గికి పోయే కుటుంబాల్లో గర్భిణులు ఎవరున్నారో బయలుదేరే ముందే ఆశా కార్యకర్తకు తెలిసి ఉంటుంది. ఆ పట్టీ ఉంటే, తిరిగి వచ్చిన రోజునే పిలిపించవచ్చు. ఇది వేరే చర్చ కావలసినంత విషయం, ఇక్కడితో ఆపుతాను.

108 టెక్నీషియన్, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. నేను డాక్టరును కాను గానీ ఇలాంటి తల్లులను బండిలో చాలామందిని తీసుకువెళ్లాను. రెండు మూడు విషయాలు మాత్రం చెబుతాను.

మమ్మల్ని ఆఖరున పిలవకండి. రెండో మందు ఇస్తున్నప్పుడే ఫోను చేస్తే, మేము వచ్చేసరికి మీ పని పూర్తవుతుంది. రక్తం ఆగిపోయి మేము ఖాళీగా తిరిగి వెళ్లినా మాకు బాధ లేదు. కదిలే బండిలో కాన్యులా వేయడం చాలా కష్టం, రెండు చేతులకూ వేసి, టేపు గట్టిగా అంటించి ఎక్కించండి. మూత్రం గొట్టం కూడా మీ దగ్గరే వేయండి. తల్లితో పాటు ఒక నర్సు రాగలిగితే గర్భసంచిని పట్టుకుని ఉండటానికి ఒక మనిషి ఉంటారు. నేను ఒక్కడినే ఉంటే సెలైన్ చూడాలా, పొట్ట పట్టాలా? యాంటీ షాక్ గార్మెంట్ (కాళ్లకూ పొట్టకూ బిగించి చుట్టే పట్టీల తొడుగు) ఉన్నచోట అది ఎంతో మేలు చేస్తుంది. చీలమండల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి, అన్నిటికన్నా చివర పొట్ట మీది పట్టీ బిగించాలి. దాన్ని పెద్దాసుపత్రిలో దిగగానే బట్టలు మార్చినట్టు లాగేయకూడదు. రక్తం, సెలైన్ ఎక్కి బీపీ నిలిచాక, మళ్లీ కాళ్ల వైపు నుంచే, ఒక్కో పట్టీకి పదిహేను నిమిషాల చొప్పున ఆగి నాడి, బీపీ చూసుకుంటూ విప్పాలి. ఈ సంగతి తెలియని కొత్తవాళ్లు పెద్దాసుపత్రుల్లో కూడా ఉంటారు కాబట్టి చీటీలో రాసి పంపండి.

చీటీ అంటే గుర్తొచ్చింది. పరిస్థితి విషమం, పై చికిత్సకు పంపడమైనది అని ఒక్క వాక్యం రాసిన కాగితాలు మాకు చాలా వస్తాయి. కాన్పయిన సమయం, ఎంత రక్తం పోయింది, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, బ్లడ్ గ్రూపు ఏమిటి, ఇవి ఉంటే దారిలోంచే ఫోనులో చదివి చెప్పగలను, మేము చేరేలోపు అక్కడ రక్తం సిద్ధం చేయగలుగుతారు.

పడమటి కర్నూలు వైద్యాధికారి

అందరికీ ధన్యవాదాలు. ట్రానెక్సామిక్ యాసిడ్ మూడు వారాలకు సరిపడా స్టోరు నుంచి కాన్పు గదికి వచ్చేసింది. ఫార్మసిస్టు గారు ముందు లెక్కల గురించి కాస్త ఇబ్బంది పడ్డారు గానీ, ఆ ఇద్దరి సంతకాల పద్ధతి చెప్పగానే ఒప్పుకున్నారు. బ్లడ్ గ్రూపు విషయంలో మాదే లోపం. సగం కార్డుల్లో ఆ గడి ఖాళీగా ఉంది. కాన్పుకు చేరిన వెంటనే చూసి, లేకపోతే అప్పుడే చేయించాలని నిర్ణయించుకున్నాము.

బెలూన్ విషయంలో పెద్దమ్మ గారి మాట నాకు మొదట కొంత నిరాశ కలిగించిందని దాచను. మాకు దొరికే చవకైన సాధనం అదొక్కటేనని అనుకుంటూ వచ్చాను. అయినా బండి పిలిచిన తర్వాతే అన్న షరతును గోడమీద రాసి పెట్టి, నేర్చుకుంటాము.

ఆక్సిటోసిన్ నిల్వ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. నిరుడు మే నెలలో వరుసగా నలుగురైదుగురు తల్లులకు మందు ఇచ్చినా గర్భసంచి సరిగా గట్టిపడలేదని మా నర్సులు అంటున్నారు. అది మందు లోపమో, యాదృచ్ఛికమో తెలియడం లేదు.

కడప జిల్లా స్టాఫ్ నర్సు

మేడమ్, ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మిథర్జిన్, కార్బోప్రోస్ట్ కూడా అంతే. మిథర్జిన్‌కు వెలుతురు కూడా తగలకూడదు. పాడైన ఆక్సిటోసిన్ చూడటానికి మంచి మందులాగే తేటగా ఉంటుంది, అందుకే కంటితో పట్టుకోలేము. మా దగ్గర జరిగే తప్పు ఒకటే. పొద్దున ఒక ట్రేలో పది ఆంపుల్స్ తీసి బల్ల మీద పెట్టుకుంటాము, సాయంత్రానికి మిగిలినవి మళ్లీ ఫ్రిజ్‌లో పెడతాము, మర్నాడు అవే తీస్తాము. వేసవిలో నాలుగు రోజులు ఇలా తిరిగిన మందును నమ్మలేము. ఇప్పుడు కాన్పు దగ్గరపడినప్పుడు మాత్రమే రెండు ఆంపుల్స్ ఐస్‌ప్యాక్ ఉన్న టీకాల డబ్బాలో తెచ్చుకుంటున్నాము. కాన్పు గది ఫ్రిజ్‌కు కరెంటు నిలకడ లేకపోతే, టీకాల ఫ్రిజ్‌లో విడిగా పేరు రాసిన పెట్టెలో ఆక్సిటోసిన్ ఉంచుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పాయి. టీకాల బాధ్యత చూసే ఏఎన్‌ఎం గారితో ముందుగా మాట్లాడుకోండి, లేకపోతే ఎవరో వచ్చి ఇది ఇక్కడ ఎందుకుందని తీసి బయట పెట్టేస్తారు. మాకు ఒకసారి అలాగే జరిగింది.

అనంతపురం స్త్రీవైద్యురాలు (పదవీ విరమణ)

నర్సమ్మ చెప్పినదానికి ఒక్క మాట. వేడికి తట్టుకునే కార్బెటోసిన్ అనే మందు ఉంది. బిడ్డ పుట్టగానే 100 మైక్రోగ్రాములు ఒకేసారి ఇస్తారు, 30 డిగ్రీల లోపు ఫ్రిజ్ లేకుండా నిలుస్తుంది. మన దేశం కూడా పాల్గొన్న పది దేశాల అధ్యయనం 2018లో వెలువడింది, రక్తస్రావం రాకుండా ఆపడంలో అది ఆక్సిటోసిన్‌తో సమానంగా పనిచేసింది. అయితే అది నివారణకు పరీక్షించిన మందు, మొదలైన రక్తస్రావానికి దాన్ని నమ్ముకోకండి. పైగా 30 డిగ్రీలు అన్నది మన మే నెలకు సరిపోయే అంకె కాదు, చల్లని గది కావలసిందే.

పడమటి కర్నూలు వైద్యాధికారి

నర్సమ్మ గారు చెప్పిన ట్రే సంగతి మా దగ్గర కూడా అచ్చంగా అదే. నేడు అడిగితే, ఆ ట్రే ఎన్ని రోజులుగా తిరుగుతోందో ఎవరూ చెప్పలేకపోయారు. అందులో ఉన్నవన్నీ పక్కన పెట్టించాను.

ఇంకొకటి. నిన్న మధ్యాహ్నం పని లేని వేళ, మేము రోజూ వాడే కిడ్నీ ట్రేను అంచు దాకా నీళ్లతో నింపి కొలిచాము. అయిదు వందల మి.లీ.కు కొంచెం తక్కువ పట్టింది. ముగ్గురు నర్సులనూ విడివిడిగా పిలిచి, ట్రే నిండితే కేస్‌షీట్‌లో ఎంత రాస్తారని అడిగాను. ముగ్గురూ 200 అన్నారు. నేనూ ఇన్నాళ్లూ దానికే సంతకం చేస్తూ వచ్చాను.